జుమ్రా ఇంట్లో మూడో కాఫీ

...పాదాలకి సిగ్గుండదు, అదే వాటితో వచ్చిన చిక్కు. మొహమైతే ఏ తెర చాటునో దాక్కుంటుంది, చేతులు జేబుల్లో దూరతాయి, కళ్లు నేలచూపులు చూస్తాయి. పాదాలు మాత్రం ఎక్కడ నిలబడ్డాయో అక్కడే నిలబడి, అవును మేమే అంటాయి. వాటిని దాచుకోవాలన్న ఊహ కూడా మనిషికి రాదు. ఎంత గడుసు మనిషైనా మోకాలి కింద పసిబిడ్డే...

ఇలా సాగిపోతోంది జుమ్రా ఆలోచన. చేతిలో ఖాళీ జెజ్వ. కాఫీ కాచే రాగి గిన్నె, దానికి పొడుగు కాడ. ఆ కాడ పట్టుకుని పొయ్యి ముందు ఎంతసేపట్నుంచి నిలబడిందో ఆమెకే తెలియదు. వెనకాల సోఫాలో యాగొద కూచుని ఉంది. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, జుమ్రా ఇచ్చిన ఉన్ని చెప్పులు తొడుక్కుని, రెండు పాదాలూ బడిపిల్లలా పక్కపక్కన పెట్టుకుంది. పొద్దున్నుంచీ జుమ్రా చూస్తున్నది ఆ పాదాలనే.

ఎదురింటి పాదాలవి. యుద్ధం మొదలైన వసంతంలో, తుపాకులవాళ్లు జుమ్రానీ ఆమె మొగుడు హసీబ్‌నీ ఇంట్లోంచి వీధిలోకి తోసి “పో” అన్న పొద్దుటిపూట, ఎదురింటి మేడమీది అద్దాల తలుపుకి కోడిపుంజుల బొమ్మల తెర వేసి ఉంది. తెర వెనక ఎవరూ లేనట్టే ఉంది. తెర కింద మాత్రం ఎర్ర చెప్పులు, వాటిలో యాగొద పాదాలు. వాటిని జుమ్రా ఎక్కడైనా పోల్చుకుంటుంది. కొత్తగా పెళ్లయి ఈ వీధికొచ్చిన రోజుల్లో ఇద్దరూ నదిలో కాళ్లు పెట్టుకుని కూచుని, ఎవరి బొటనవేలు ఎక్కువ వంకరో పందెం వేసుకున్నవాళ్లు.

పదేళ్లకి జుమ్రా తిరిగొచ్చింది. కాలిన ఇల్లు మళ్లీ కట్టుకుంది. ఎదురింట్లో యాగొద అలాగే ఉంది. అప్పట్నుంచీ వీధికి ఆ పక్క నుంచి ఒక తలూపు, ఈ పక్క నుంచి ఒక తలూపు. ఇన్నేళ్ల తలూపుల్లో ఆ తెర ఊసు ఎన్నడూ రాలేదు. జుమ్రాకి క్షమాపణ అక్కర్లేదు. ఏడుపు అంతకంటే అక్కర్లేదు. ఒక్క మాట కావాలి. ఆ రోజు నేనక్కడే ఉన్నాను అని యాగొద తన నోటితో తను అనాలి. అడిగి చెప్పించుకుంటే అది పోలీసు స్టేషన్ మాట అవుతుంది, పొరుగింటి మాట అవదు.

మరి ఇవాళ యాగొద ఈ సోఫాలో ఎందుకు కూచుందయ్యా అంటే, తారు కోసం.

ఈ తోళ్ల వీధికి తారు వెయ్యాలని ఊళ్లో అందరి కోరికా. ఏ చివర మొదలెట్టాలన్నదే గొడవ. చర్చి వైపు నుంచా, మసీదు వైపు నుంచా? అది తేలక వానాకాలాలు వచ్చిపోయాయి. బురద మాత్రం ఏ పక్షమూ వహించకుండా అందరి బూట్లూ సమానంగా మింగింది. ఇంతలో రాజధాని సరయేవో నుంచి ఒక సంఘంవాళ్లు దిగారు. రెండు జాతులవాళ్లూ ఒకరింటికొకరు వెళ్లి కాఫీ తాగితే వీధంతా తామే తారు వేయిస్తామన్నారు.

“ఎన్ని కప్పులకి ఎంత తారు?” అని అడిగాడు మీటింగులో యాగొద మొగుడు వుకాషిన్.

ఎవరూ నవ్వలేదు. లెక్క తేలాలి కదా.

అలా పొద్దున యాగొద వచ్చింది. వెంట సంఘం తాలూకు ఇల్‌హానా అనే పిల్ల, మెళ్లో గుర్తింపు కార్డు, చేతిలో రంగురంగుల అట్టముక్కలు. యుద్ధమయ్యాక పుట్టిన పిల్ల. యుద్ధం గురించి అన్నీ చదువుకుని వచ్చింది.

“మీ ఎదుటి మనిషి ఒక రంగైతే ఏ రంగు?” అని మొదటి అట్ట చదివింది.

యాగొద ఆలోచించకుండా “పచ్చ” అనేసింది. అనేసి నాలిక కరుచుకుంది. ఈ ఊళ్లో పచ్చ ఎవరి జెండాయో, ఎవరి శవపేటిక మీది గుడ్డో పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసు. “అంటే... మిరపకాయ పచ్చ లెండి,” అని సర్దింది. “కూరగాయల పచ్చ. ఏ గొడవా లేని పచ్చ.”

“మరి మీరు?”

జుమ్రాకి నాలిక చివరిదాకా వచ్చింది ఎరుపు. మింగేసింది. “కాఫీ రంగు,” అంది.

“అద్భుతం!” అంది ఇల్‌హానా. ఆ పిల్లకి అన్నీ అద్భుతమే. రెండో అట్ట తీసింది. “ఇప్పుడు మాట్లాడకుండా ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవాలి.”

ఇద్దరు ముసలమ్మలు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. యాగొద పై పెదవి ఎడమ మూల అదిరింది. ఆ అదురు జుమ్రాకి తెలుసు. కుట్టు ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద కూచున్న రోజుల్లో ఆ పెదవి అలా అదిరిందంటే, మేనేజరు ఎదురుగా ఉన్నా సరే, ఇద్దరూ కడుపు పట్టుకుని బాత్రూములోకి పరిగెత్తాల్సిందే. జుమ్రా చటుక్కున చూపు దించుకుంది. దించుకుంటే పాదాలు కనిపించాయి. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

రెండో కాఫీ అవగానే ఇల్‌హానా లేచింది. “ఇంక నేను వేరే ఇళ్లు చూసుకోవాలి. మీరిద్దరూ ఒక గంట మాట్లాడుకోండి చాలు!” అని, బురదలో గెంతుకుంటూ పోయింది. ఈ కాలం పిల్లలకి రెండో కాఫీకి లేవకూడదని ఎవరు చెబుతారు?

ఇక్కడి ఇళ్లలో మొదటిది రమ్మనే కాఫీ. రెండోది కబుర్ల కాఫీ. మూడోది పొమ్మనే కాఫీ. అది వచ్చిందంటే చుట్టం తాగి, నోరు తుడుచుకుని, బూట్లు తొడుక్కోవాలి. ఎవరూ ఎవర్నీ నోటితో పొమ్మనక్కర్లేదు. అది రాకముందే లేవడం మాత్రం మొహం మీద ఉమ్మినట్టు. నీ ఇల్లు నాకు వద్దు, నీ కప్పు నాకు ఎంగిలి అన్నట్టు. మామూలు పొరుగువాళ్లకే అంత పట్టింపు, ఇక యాగొద లేస్తే? చర్చి వైపావిడ మసీదు వైపావిడ ఇంట్లోంచి అర్ధాంతరంగా లేచి వచ్చేసిందట అని సాయంత్రానికి వీధంతా గుప్పుమంటుంది. తారు మాట దేవుడెరుగు, ఉన్న తలూపు కూడా పోతుంది.

అందుకని యాగొద కదలకుండా కూచుంది.

జుమ్రా సంగతి వేరు. తిరిగొచ్చినప్పట్నుంచీ ఆమె ఎవరికీ మూడో కాఫీ పెట్టలేదు. ఒట్టూ పెట్టుకోలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. కొత్తింట్లోకి తొలిసారి వచ్చిన ఆడబిడ్డకి మూడోసారి జెజ్వ పొయ్యి మీద పెట్టబోతే చెయ్యి సాగలేదు, అంతే. పొమ్మనడం అనేది ఈ గుమ్మంలో ఒకసారి జరిగింది. మళ్లీ జరగడానికి వీల్లేదని చెయ్యి అనుకున్నట్టుంది. ఆమెని అడక్కుండానే అనుకుంది. ఆమె వైపు వాళ్లకి ఇది అలవాటై జోకైపోయింది. జుమ్రా ఇంటికి వెళ్లేవాళ్లు పరుపు కూడా పట్టుకెళ్లండి అనుకుంటారు. రెండు కాఫీలు తాగి, ఏదో వంక చెప్పి, వాళ్లంతట వాళ్లే లేచిపోతారు.

యాగొదకి ఇదెలా తెలుస్తుంది? తెలియాలంటే రావాలి కదా.

ఈ సంగతి జుమ్రాకి మధ్యాహ్నం మసీదు బాంగు వినపడుతుండగా తట్టింది. అయ్యో, ఈవిడ మూడో కాఫీ కోసం చూస్తోంది, చెప్పేయాలి అనుకుంది. నోరు తెరవబోయింది. తెరిచిన నోటిని మళ్లీ మూసేసింది. ఎందుకు మూశావే అని తనని తనే అడిగింది. ఒక జవాబు పైపైన తేలింది: మూడో కాఫీ లేదంటే ఎందుకు లేదో చెప్పాలి, బాగోదు. ఆ జవాబు కింద ఇంకొకటి, బావి అడుగున నాణెంలా మెరుస్తూ ఉంది: కూచోనీ. ఆ మాట అనేదాకా కూచోనీ.

అంటే ఇది మర్యాదా, జైలా? తను ఇల్లాలా, జైలరా? జైలరైతే ఖైదీకి గులాబి లోకుం మిఠాయి ముక్కలు పెడుతుందా? ఈ ప్రశ్నకి నవ్వొచ్చింది. నవ్వు రానివ్వకుండా లోకుం గిన్నె ముందుకి జరిపింది.

“తీసుకోండి.”

“అబ్బే, చాలండి.”

“ఒక్కటి.”

“సరే, మీ మాట తీసెయ్యలేక.”

ఒకప్పుడు ఒసేయ్ అంటే ఒసేయ్ అనుకున్నవాళ్లు ఇప్పుడు అండీ అండీ అంటూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. నడుం నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఈ ఏటి లావు మిరపకాయలకి తోలు మందం, కాల్చి ఒలవడానికి ప్రాణం పోతోందన్న విషయంలో రెండు జాతుల మధ్య సంపూర్ణమైన ఏకాభిప్రాయం కుదిరింది. చర్చి గంట మోగింది. జుమ్రా చిక్కుడుగింజల కూర వేడిచేసి పెట్టింది. తిన్నారు. తిన్నాక యాగొద ఆశగా పొయ్యి వైపు చూసింది. పొయ్యి మీద ఏమీ లేదు. యాగొద గుటక మింగి మళ్లీ నడుం నొప్పి ఎత్తుకుంది.

ఆ తర్వాత పొగ వాసన వచ్చింది.

పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, ఇక్కడ పొగ పోవాల్సిన మనిషి ఇంట్లోంచే వస్తోంది. ఎదురింటి వంటింటి కిటికీలోంచి బూడిదరంగు పాయ ఒకటి నిదానంగా బయటికొచ్చి, వీధి దాటి, జుమ్రా కిటికీ దగ్గర కాసేపు తచ్చాడి లోపలికొచ్చింది. యాగొద ముక్కుపుటాలు ఎగిరాయి. పొద్దున తనే పొయ్యిలో బాగా సన్నటి సెగన రొట్టె పెట్టి వచ్చింది. ఒక గంటే కదా అనుకుంది.

“యాగొదా!” వీధి అవతల నుంచి వుకాషిన్ కేక. “ఒసేయ్ యాగొదా! ఇల్లంతా పొగ!”

యాగొద దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకుంది.

“మీ ఆయన పిలుస్తున్నట్టున్నారు,” అంది జుమ్రా.

“ఆయన ఎప్పుడూ పిలుస్తూనే ఉంటారండి.”

“పొగ అంటున్నారు.”

“సిగరెట్టేమో.”

“రొట్టె వాసన వస్తోంది.”

“రొట్టె వాసన సిగరెట్లు దొరుకుతున్నాయండి ఇప్పుడు,” అంది యాగొద. అనగానే పై పెదవి ఎడమ మూల మళ్లీ అదిరింది. ఈసారి జుమ్రా పాదాల వైపు చూడ్డం మర్చిపోయింది.

బయట పెరట్లో హసీబ్ తేనెపెట్టెలకి మేకులు కొడుతున్నాడు. తిరిగొచ్చాక మనుషులతో కంటే తేనెటీగలతోనే ఎక్కువ మాట్లాడతాడు. వుకాషిన్ బురద దాటుకుని కంచె దాకా వచ్చి ఆగాడు. ఒకప్పుడు అడవిలో ఒకే రంపాన్ని చెరో పక్కా పట్టుకుని లాగినవాళ్లు ఇద్దరూ. కిటికీ తెరిచే ఉంది, ప్రతి మాటా లోపలికి వినిపిస్తోంది.

“హసీబ్ గారూ.”

“చెప్పండి, వుకాషిన్ గారూ.”

“మా ఆవిడ బతికే ఉందా?”

“ఉన్నట్టే ఉంది. ఇందాక కూర బావుందని అంటుంటే వినపడింది.”

“కూర కూడానా? మరి నాకు తిండి?” వుకాషిన్ కంచెకి ఆనుకున్నాడు. “ఎప్పుడొస్తుందట?”

“మూడో కాఫీ అయ్యాక, అందరిలాగే.”

“అదెప్పుడండీ? పొద్దు వాలిపోతుంటేనూ.”

సుత్తి ఆగింది. “మా ఇంట్లో మూడో కాఫీ ఉండదండి,” అన్నాడు హసీబ్. “తిరిగొచ్చినప్పట్నుంచీ మా ఆవిడ ఎవరికీ పెట్టదు. మా చెల్లెలికే పెట్టలేదు.”

“అయితే మా ఆవిడ ఇంక రాదా?” వుకాషిన్ గొంతులో నిజంగానే భయం.

“రాకేం? లేచి వచ్చెయ్యొచ్చు. మావాళ్లంతా అలాగే చేస్తారు.”

“అది దానికి తెలియదుగా!”

“ఎలా తెలుస్తుంది మరి? ఎప్పుడైనా వచ్చిందా?”

పొగ వాళ్ల మధ్య నుంచి వెళ్లింది.

“ఆ పొయ్యి ఎలా ఆర్పాలో మీకేమైనా తెలుసా?” అన్నాడు వుకాషిన్ చివరికి. “అన్ని మీటలూ తిప్పాను. తిప్పేకొద్దీ ఎర్రబడుతోంది.”

హసీబ్ చేతులు తుడుచుకున్నాడు. కంచె గడియ తీశాడు. వీధి దాటాడు. తిరిగొచ్చాక అతను ఆ గుమ్మం ఎక్కడం ఇదే మొదలు. అయితే ఆ సంగతి గుర్తొచ్చేంత తీరిక ఎవరికీ లేదు, రొట్టె అలా మాడుతోంది. పోతూ పోతూ వుకాషిన్ వెనక్కి తిరిగి కిటికీలోకి కేకేశాడు: “యాగొదా! వాళ్లింట్లో మూడో కాఫీ లేదట! ఎంత కూచున్నా రాదట! లేచి రావే తల్లీ!”

లోపల ఇద్దరూ ఆ మాట విన్నారు. ఒకరు విన్నట్టు ఇంకొకరికి తెలుసు.

అయిపోయింది అనుకుంది జుమ్రా. లేస్తుంది, నడుం పట్టుకుని, వస్తానండి అంటుంది, రేపట్నుంచి మళ్లీ తలూపులు. చేతిలోంచి గాలిపటం దారం జారిపోయిన పిల్లలా నిలబడింది. తన జైలు తలుపు తనకి తెలియకుండానే ఎవరో బార్లా తెరిచారు.

యాగొద రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చింది. ఉన్ని చెప్పులోని కుడిపాదం ముందుకి జరిగింది.

పాదం అక్కడే ఆగింది. కాసేపు ఆలోచించుకుంది. మళ్లీ వెనక్కి జరిగి ఎడమపాదం పక్కన చేరింది.

“ఎలాగూ మాడిపోయిందిగా,” అంది యాగొద. సోఫాలో వెనక్కి చేరగిలబడింది. పొద్దున్నుంచీ సోఫా అంచు మీదే కూచున్న మనిషి.

సరిగ్గా అప్పుడు ఎదురింటి తలుపు తెరుచుకుంది. ముందు హసీబ్. పటకారుతో ఒక నల్లటి గుండ్రటి వస్తువు పట్టుకుని, చేతులు బాగా చాచి, అడుగులో అడుగేసుకుంటూ వస్తున్నాడు. వెనకాల వుకాషిన్, బకెట్టుతో నీళ్లు. పేలని మందుపాతరల్ని తీసేవాళ్లు ఈ ఊరికి చాలాకాలం వచ్చారు. సరిగ్గా అలాగే నడిచేవాళ్లు. ఇద్దరు మగవాళ్లూ ఆ వస్తువుని తెచ్చి కంచె పక్క బెంచీ మీద భద్రంగా దించి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు.

“పేలుతుందంటారా?” అన్నాడు వుకాషిన్.

“మీ ఆవిడ చేసిందేగా,” అన్నాడు హసీబ్. “ఏమో చెప్పలేం.”

మొదట ఎవరు నవ్వారో తెలియదు. జుమ్రా ముక్కులోంచి ఈలలాంటి చప్పుడొకటి వచ్చింది. యాగొద కుషన్ తీసి నోటికి అడ్డం పెట్టుకుంది, కుషన్ వెనకాల భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. బెంచీ దగ్గర హసీబ్ సుత్తితో రొట్టెని తట్టాడు. ఠంగుమంది. ఆ చప్పుడుతో ఇద్దరాడవాళ్లకీ పట్టు తప్పింది. జుమ్రా పొయ్యికి ఆనుకుని నేలమీదికి జారింది. యాగొద సోఫా మీద పక్కకి ఒరిగింది. “ఆపండీ...” “మీరాపండీ...” “నడుం...” “నాదీ...” ఇద్దరి లోపలా ఎక్కడో కట్టేసిన దూడలాంటిదేదో పలుపు తెంపుకుని పరిగెత్తింది. ఇద్దరూ దాని వెంట పడ్డారు. ఇదివరకు కన్నీళ్లు వచ్చిన దారినే ఈ నీళ్లూ వస్తున్నాయి, కళ్లకి తేడా తెలియడం లేదు.

నవ్వు కాస్త తగ్గి ఊపిరందాక, కుషన్ వెనక నుంచే, మొహం బయటపెట్టకుండా యాగొద అంది:

“జుమ్రా. ఆ రోజు నేను తెర వెనకాలే ఉన్నాను.”

బయట సుత్తి మళ్లీ ఠంగుమంది. ఈసారి లోపల ఎవరూ నవ్వలేదు.

“మా మావగారు కింద తలుపుకి తాళం వేశాడు. అది కారణం కాదులే. తాళం లేకపోయినా వచ్చేదాన్ని కానేమో. భయం. రెండు చేతుల్తో తెర గట్టిగా పట్టుకుని నిలబడ్డాను, గాలికి కూడా కదలకూడదని. నువ్వు ఒకసారి పైకి చూశావు. నాకు తెలుసు నీకేం కనపడలేదని. నువ్వు, యాగొద ఇంట్లో లేదు పాపం అనుకుని ఉంటావు. ఇన్నేళ్లూ నేను ఆ ఊహ వెనకాలే దాక్కున్నాను. అదీ సంగతి.”

నేలమీద కూచున్న జుమ్రాకి ఎదురుగా సరిగ్గా ఉన్ని చెప్పులే ఉన్నాయి. ఇన్నేళ్లు కాచుకున్న మాట. అది వస్తే ఏమవుతుందో రకరకాలుగా ఊహించుకుంది. ఏడుస్తుందనుకుంది. బరువేదో దిగుతుందనుకుంది. ఇప్పుడు ఆ మాట వచ్చి గదిలో నిలబడితే, దాని పక్కన ఇంకొకటి, సిగ్గులేనిది, ఎగిరెగిరి పడుతోంది. ఆపుకోవాలని చూసింది. వల్ల కాలేదు.

“కనపడ్డావే,” అంది.

కుషన్ కిందికి దిగింది. “ఏంటి?”

“తెర పొట్టిది. కింద కాళ్లు కనిపిస్తున్నాయి. ఎర్ర చెప్పులు.”

యాగొద చేతిలోంచి కుషన్ జారింది.

“ఆ తెర కుట్టింది నేనే కదే!” అంది జుమ్రా. “కొట్లో గుడ్డ కొనేటప్పుడే చెప్పానా లేదా, ఇంకో మూర తీసుకోవే, నేలదాకా రాదు అని? వింటేనా! మా అత్త ఒప్పుకోదన్నావు. పుంజుల కాళ్లు కూడా సగానికి తెగిపోయాయి!”

“అంటే... ఇన్నేళ్లూ... నీకు...”

“తెలుసు.”

“నేను ఏడ్చి ఏడ్చి... నువ్వు చూడలేదని...”

“ఎర్ర చెప్పులే, తల్లీ! ఊరంతటికీ కనపడే ఎరుపు!”

యాగొద రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి ఒక కీచు చప్పుడు మొదలై పెరిగి పెద్దదైంది. ఏడుపో నవ్వో ఆమె కూడా ఇంకా తేల్చుకున్నట్టు లేదు. “పిసినారి ముండని,” అంటోంది మధ్యమధ్య. “ఒక్క మూర... ఒక్క మూర గుడ్డ...” సోఫా మీంచి జారి జుమ్రా పక్కన నేలమీదికి వచ్చిపడింది. ఇద్దరి భుజాలూ గుద్దుకున్నాయి. బయట మగవాళ్లు కంగారుపడి కిటికీలోంచి తొంగిచూశారు. రెండు పెద్ద ప్రాణాలు పొయ్యి కింద ఊగిపోతుంటే చూసి, ఏమీ అర్థంకాక, తలలు వెనక్కి తీసేసుకున్నారు.

“ఇంకోటి చెప్పనా,” అంది జుమ్రా, ఊపిరి తీసుకుని. ఇది చెప్పాలని ఆమె అనుకోలేదు. ఇది తన సొంతానికి దాచుకున్నది, రాత్రుళ్లు ఒంటరిగా తీసి చూసుకునేది. “నీ కుడికాలు ముందుకొచ్చింది.”

“ఎప్పుడు?”

“మమ్మల్ని తోస్తున్నప్పుడు. తెర కింద. ఒక సగం అడుగు.”

యాగొద నవ్వు ఆగింది. “నాకు గుర్తులేదు.”

“నీకు తెలియకుండానే వచ్చింది.”

“వచ్చిందా? నిజంగా?”

“వచ్చింది. నేను చూశాను.”

“తర్వాత?”

“వెనక్కి వెళ్లిపోయింది. అదీ చూశాను.”

యాగొద తన కుడిపాదం వంక చూసుకుంది. ఉన్ని చెప్పు తీసి పక్కన పెట్టి, ఆ వంకర బొటనవేలిని కొత్తగా పుట్టిన పిల్లని చూసినట్టు చూసింది. జుమ్రా కూడా తన చెప్పు తీసింది. పక్కన పెట్టింది. నాది ఇంకా వంకరే అనుకుంది లోపల. పందెం ఇంకా తేలలేదు.

ఎదురింటి దొడ్లో మేక అరిచింది. పాలు పిండే వేళ దాటిపోతోంది. కంచె పక్కన మగవాళ్లు మాడిన పెచ్చు ఒలిచేసి, లోపలి మెత్తటి రొట్టెకి తేనె రాసుకుని తింటున్నారు. “లోపల బానే ఉందండి.” “పైపైనే మాడింది.” మేక మళ్లీ అరిచింది, ఈసారి తిట్టినట్టు.

“ఒసేయ్,” అంది యాగొద. ఆ పిలుపు గదిలో ఒక్క క్షణం కొత్తగా తచ్చాడి, పాత చోటు చూసుకుని కూచుంది. “మేక పొదుగు పేలిపోయేలా ఉంది. నన్ను పొమ్మనవే ఇంక.”

“లేచి వెళ్లొచ్చుగా. ఇక్కడ మూడోది రాదని విన్నావుగా.”

“విన్నాను. అలా లేచిపోవడానికి నేనేం మీ చుట్టాన్నా, పొరుగుదాన్ని. రేపు నువ్వు మా ఇంటికి రావాలి. నేను మూడూ పెడతాను. ముందే చెబుతున్నాను, రొట్టె మాత్రం చెయ్యను.”

జుమ్రా పొయ్యి పట్టుకుని లేచింది. పోవడమంటే ఆమెకి ఇన్నాళ్లూ ఒక్కటే. వీధి చివర మలుపు, ఆ మలుపు తిరిగాక వెనక్కి చూస్తే ఏమీ లేకపోవడం. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే యాగొద పోవాల్సిన దూరం కనిపిస్తోంది. మధ్యలో బురద, హసీబ్ బూటు ముద్రలు కొన్ని అటు, కొన్ని ఇటు. అవతల మేడమీద అద్దాల తలుపు. దానికి తెర లేదు. మేకని ఇక్కణ్ణుంచే తిట్టొచ్చు. అంతే దూరం.

చెయ్యి ఏమంటుందో చూద్దామని ఒక్క క్షణం ఆగింది. చెయ్యి ఏమీ అనలేదు.

జెజ్వలో నీళ్లు పోసి, పొయ్యి వెలిగించి, మంట మీద పెట్టింది.